కన్యకమ్మ గారి లక్ష్మీ మచ్చ

అదిగో, మీరూ అదే మాట అనబోతున్నారు కదండీ. నీసు ముట్టని ఇంట్లో, కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో ఈ కొలెస్ట్రాల్ ఏంటి అని. అనండి, తప్పేం లేదు. మేమందరం అదే అన్నాం. కన్యకమ్మ గారి మొగుడు అన్నారు, తమ్ముడు అన్నాడు, పక్క కొట్టులో మిషను తొక్కుకునే నేనూ అన్నాను. ఆవిడొక్కరే అన్లేదు. అందుకే చెప్తున్నానండి ఆవిడ సంగతి.

పూర్తి పేరు కన్యకాపరమేశ్వరి. ధవళేశ్వరంలో మా టైలరింగ్ కొట్టుకి ఆనుకునే వాళ్ళ కిరాణా కొట్టు. గల్లా దగ్గర కూర్చునేది వాళ్ళాయన కుక్కుటేశ్వరరావు గారే గానీ, బేరం ఆవిడది, తూకం ఆవిడది, నోరు ఆవిడది. మనిషి చూస్తే చీపురు పుల్లలా ఉంటారు. గాలొస్తే పట్టుకోవాలి అనిపిస్తది. ఆ ఒంట్లోంచి అంత గొంతు ఎలా వస్తదో మరి.

ఒకసారి ఎవరో ఆఫీసరు గారు జీపు ఆపి, దిగకుండా హారన్ కొట్టి, "ఏమ్మా, కేజీ కందిపప్పు ఇలా పట్రా" అన్నారు. ఈవిడ కదల్లేదు. "మా కొట్టుకి గుమ్మం ఉందండి. మీకు కాళ్ళున్నాయి. ఆ రెండూ కలిస్తే పప్పు వస్తుంది" అన్నారు. ఆయన దిగేరు. ఇప్పటికీ వాళ్ళింటికి పప్పు ఇక్కడి నుంచే వెళ్తది.

కొట్టు వెనక వెన్న కాచి నెయ్యి తీస్తారావిడ. ఆ వాసనొస్తే దారిన పోయేవాళ్ళు కూడా ఒక నిమిషం ఆగాల్సిందే. ఈ నెయ్యి మాట గుర్తుంచుకోండి, దీని మీదే బోల్డు మాటలు పడ్డాయావిడకి.

ఆవిడ పుట్టిల్లు జంగారెడ్డిగూడెం. జీడిపప్పు వ్యాపారం. ఆ ఇంట్లో వాళ్ళకి కంటి కొసన, ముక్కు పక్కగా, రెప్ప మీద పసుప్పచ్చ మచ్చలొస్తాయండి. శనగపిండి తడిపి అద్దినట్టుంటది. వాళ్ళ నాన్నగారికి ఉంది, అన్నగారికి ఉంది, ఈవిడకి ఉంది, తమ్ముడు జగన్నాథరావుకి ఉంది. దాన్ని వాళ్ళు లక్ష్మీ మచ్చ అంటారు. అది వచ్చిన మనిషి చెయ్యి పడితే బంగారమేనంట. కూతురు సాయిప్రసన్న పుట్టిన కొన్నాళ్ళకి కన్యకమ్మ గారి కంటి దగ్గర ఆ మచ్చ కనపడితే, వాళ్ళత్తగారు మురిసిపోయి కుంకుమ పూజ చేయించి, వీధి వీధంతా పరమాన్నం పంచేరు. నేనూ తిన్నాను. బాగుంది.

మరి ఆ లక్ష్మీ మచ్చ ఉన్న నాన్నగారు ఏమయ్యేరు? అక్కడి కొట్లో జీడిపప్పు తూస్తా తూస్తా తక్కెడ మీదకే ఒరిగిపోయేరు. యాభై చూడలేదు. పంతులు గారొచ్చి కొట్టు గుమ్మంలో దోషం ఉందన్నారు. ఆ గుమ్మం మూసి, పక్క గోడ పగలగొట్టి కొత్త గుమ్మం పెట్టేరు. తర్వాత అన్నగారు స్కూటరు దిగుతా దిగుతా పోయేరు. ఆయనా యాభై చూడలేదు. అప్పుడు గల్లాపెట్టి ముఖం తిప్పి ఉత్తరానికి పెట్టేరు. అంతే. ఇద్దరు మగాళ్ళు పోతే ఒక గుమ్మం, ఒక పెట్టి మారేయి.

ఆ మధ్య వాళ్ళ సంఘం కల్యాణ మండపంలో ఉచితంగా రక్త పరీక్షలు పెట్టేరండి. కన్యకమ్మ గారు పరీక్షకి వెళ్ళలేదు, పులిహోర వడ్డించడానికి వెళ్ళేరు. తోడుగా నన్ను లాక్కెళ్ళేరు. పరీక్షలు చేసే డాక్టరమ్మ పేరు తేజస్వి, రాజమండ్రి నుంచి వచ్చింది. చిన్నపిల్ల. విస్తరి ముందు కూర్చుని, పులిహోర చూడాల్సింది పోయి ఈవిడ మొహం కేసే చూస్తంది.

"అమ్మా, మీ కళ్ళ దగ్గర ఈ మచ్చలు ఎన్నాళ్ళ నుంచండి?"

"అది లక్ష్మీ మచ్చమ్మా. మా పుట్టింటి సొత్తు" అన్నారు ఈవిడ గర్వంగా.

"పుట్టింట్లో ఇంకెవరికి ఉంది?"

చెప్పేరు.

"వాళ్ళు ఎలా ఉన్నారు?"

అదీ చెప్పేరు. ఆ పిల్ల విస్తరి పక్కకి జరిపేసింది. "ఒకసారి మీ కాలు చూడనిస్తారా" అని, వద్దు వద్దంటున్నా వినకుండా కిందికి వంగి, మడమ వెనక నరం వేళ్ళతో నొక్కి చూసింది. ఈవిడకి అక్కడ లావుగా, గడ్డ కట్టినట్టు ఉంటది లెండి. వెనక పట్టీ ఉన్న చెప్పు ఏదీ పట్టదు. నడిచి నడిచి కాయ కాసింది అనుకునేవాళ్ళం. డాక్టరమ్మ లేచి, "ముందు రక్తం ఇవ్వండమ్మా, పులిహోర నేను వడ్డిస్తాను" అంది. నిజంగానే గరిటె పట్టుకుంది కూడా.

రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్ రెండొందల ఎనభై పైన వచ్చింది. ఉండాల్సిన దానికి రెట్టింపు దాటిపోయిందంట.

మళ్ళీ చూపించుకోడానికి రాజమండ్రి వెళ్తే నేనూ వెళ్ళాను. కుక్కుటేశ్వరరావు గారు కుర్చీలో కూర్చుంటానే మొదలెట్టేరు. "మేము నీసు తినం డాక్టరు గారూ. మీ మిషను తేడా చేసుంటది."

"తినడం వల్ల వచ్చింది కాదండి ఇది" అంది ఆ పిల్ల. "ఒంట్లో ఈ కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మన లివరే తయారు చేస్తుంది. తిరిగి రక్తంలోంచి లాక్కోవాల్సింది కూడా అదే. కొన్ని ఇళ్ళల్లో పుట్టుకతోనే ఆ లాక్కునే పని సరిగ్గా జరగదు. చిన్నప్పటి నుంచీ రక్తనాళాల గోడల్లో పేరుకుంటా ఉంటుంది. కంటి మీద మచ్చ, మడమ దగ్గర గడ్డ అదేనండి. కంటి మచ్చ ఉన్న ప్రతివాళ్ళకీ ఇదే అని కాదు. కానీ అమ్మా, ఈ అంకె, ఆ గడ్డ, మీ నాన్నగారు, మీ అన్నగారు, అన్నీ కలిపి చూస్తే నాకు అనుమానం లేదు."

"మరి నాకు బీపీ లేదు, సుగరు లేదు. కొండ ఎక్కమంటే ఎక్కుతాను" అన్నారు కన్యకమ్మ గారు.

"మామూలుగా వయసు, బీపీ, సుగరు, పొగ తాగడం ఇవన్నీ వేసి గుండెజబ్బు ఎంతవరకు రావచ్చో లెక్క కడతామమ్మా. మీలాంటి ఇళ్ళకి ఆ లెక్క పనికిరాదు. ఉన్న ప్రమాదాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. మీకు మాత్ర ఇవ్వాల్సిందే. ఇంకో మాట. తోడబుట్టిన వాళ్ళు, కన్నవాళ్ళు, కడుపున పుట్టినవాళ్ళు అందరికీ పరీక్ష చేయించాలి. ఇలాంటి ఇంట్లో సగం మందికి ఉండొచ్చు."

నేను చూస్తున్నాను కదండీ, ఆవిడ చెయ్యి మెల్లిగా కంటి దగ్గరికి వెళ్ళింది. రోజూ పసుపు రాసుకునే చోటది. ఒక్కసారి అక్కడ వేలు పెట్టి, తీసేసి, "గుమ్మం పగలగొట్టేం మేము" అన్నారు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు అయింది.

ఇంటికొచ్చేక జరిగింది చూడాలి. కుక్కుటేశ్వరరావు గారు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. "ఇదిగో కన్యకా, ఈ వీడియోలో చెప్తున్నాడు, ఆ మాత్ర వేస్తే లివరు పోద్దంట, నరాలు పోతాయంట. ఒకసారి మొదలెడితే చచ్చేదాకా వదలదంట."

"మా నాన్న మాత్ర వేసుకోలేదండి. వదిలిందా?"

"అది కాదే..."

"ఆ వీడియో అబ్బాయి మా అన్నయ్యని స్కూటరు మీంచి దించుతాడేమో కనుక్కోండి. లివరు సంగతి డాక్టరమ్మ రక్తం తీసి చూస్తానంది. ఒళ్ళు నొప్పులొస్తే చెప్పమంది, మందు మారుస్తానంది. మీ వీడియోలో అబ్బాయి నా రక్తం చూస్తాడా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

వీధిలో వాళ్ళూ ఊరుకోలేదండి. "కన్యకమ్మ గారూ, మీరే నెయ్యి మానేస్తే మేమేం కొంటాం" అని వేళాకోళం. "నెయ్యి విషం అని నేనన్లేదు. నా ఒంటికి పడదు. మీ ఒంటి సంగతి మీ రక్తాన్ని అడగండి, అడిగొచ్చి ఎంత కావాలో చెప్పండి, తూస్తాను" అనేవారు. అలా అనేసరికి ఇద్దరు ముగ్గురు నిజంగానే వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. వేపుళ్ళు తగ్గించేరావిడ, నెయ్యి గరిటె పక్కన పెట్టేరు, సాయంత్రం బ్యారేజీ దాకా నడుస్తున్నారు. కానీ తిండి ఒక్కటే సరిపోదని తెలుసు, మాత్ర మాత్రం తప్పలేదు. కార్తీకమాసం ఉపవాసాల్లో వాళ్ళత్తగారు "పుణ్యమాసంలో మందులేంటే, ఈ నెల ఆపు" అంటే, "శివుడికి నా మాత్ర అడ్డమా అత్తయ్యా, నేను ఆయన్నే అడుగుతాను లెండి" అని గుటుక్కున మింగేరు.

కూతురు సాయిప్రసన్నకి పరీక్ష చేయిస్తే దేవుడి దయ వల్ల ఏం లేదు. మరుసటి పరీక్షలో ఈవిడ అంకె సగానికి దిగింది. డాక్టరమ్మ ఇంకా దించాలంది, ఇంకో మాత్ర కలిపింది. అంతా బాగానే ఉంది. ఇంక మిగిలింది తమ్ముడు.

జగన్నాథరావు మంచివాడేనండి. నవ్వు మొహం, ఏనుగంత మనిషి. వయసు నలభై ఏడు. నాన్నా అన్నా పోయిన వయసు దగ్గర పడిందన్న మాట. కానీ వాడి చిక్కు వేరు. జంగారెడ్డిగూడెంలో జీడిపిక్కల సీజను మొదలైతే, అక్కడి వర్తకులు తొలి బస్తా మీద జగన్నాథరావు చేత చెయ్యి వేయిస్తారు. లక్ష్మీ మచ్చ ఉన్న చెయ్యి పడితే ఆ ఏడు సరుకంతా చకచకా అమ్ముడుపోద్దని నమ్మకం. వాడికి కొబ్బరికాయ కొట్టి, శాలువా కప్పి, కుర్చీ వేస్తారు. ఊళ్ళో వాడి పరువంతా ఆ రెండు మచ్చల మీదే నిలబడింది.

ఈవిడ ఫోన్ చేసి సంగతంతా చెప్తే, "అక్కా, లక్ష్మిని పట్టుకుని రోగం అంటావేంటే? నలుగురికి తెలిస్తే నా చేత బోణీ ఎవడు చేయిస్తాడు?" అన్నాడు.

"ఒరే జగ్గూ, నువ్వుంటే కదరా బోణీ?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"అన్నయ్యా అదే అన్నాడు."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. వాడి పెళ్ళాం హారతి మాత్రం చాటుగా ఫోన్ చేసి, "వదిన గారూ, మేడ మెట్లెక్కితే మధ్యలో ఆగి గుండె రాసుకుంటున్నారండి. అడిగితే గ్యాస్ అంటున్నారు" అని ఏడ్చింది.

అంతే. ఆ ఏడు బోణీ రోజున కన్యకమ్మ గారు పట్టుచీర కట్టి జంగారెడ్డిగూడెం బస్సెక్కేరు. నేనూ వెళ్ళాను. గొడవవుద్దని తెలుసు, అయినా వెళ్ళాను. గోడౌను ముందు షామియానా, వర్తకులంతా తెల్లబట్టల్లో, మధ్యలో శాలువాతో జగన్నాథరావు. బస్తా మీద చెయ్యి వెయ్యబోతుంటే ఈవిడ వెళ్ళి ఆ చెయ్యి పట్టేసుకున్నారు.

"అక్కా, ఏంటిది?"

"అందరూ వినండయ్యా" అన్నారావిడ. "ఇది లక్ష్మి కాదు. నా మొహం మీదా ఉంది, చూడండి. కొవ్వు. మా నాన్నని తీసుకుపోయింది ఇదే, మా అన్నని తీసుకుపోయింది ఇదే. మీరు వీడికి కప్పాల్సింది శాలువా కాదు. వీడి చొక్కా చెయ్యి పైకి మడవండి, రక్తం తీయిద్దాం."

ఒక పెద్దాయన దగ్గేడు. జగన్నాథరావు మొహం ఎర్రబడిపోయింది. "శుభమా అని పని చేస్తుంటే చావు మాటలేంటే! పరువు తీసేవు కదే! నడు ఇక్కణ్ణుంచి!"

"పరువు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చురా. నడుస్తాను. నువ్వూ నడు."

వాడు రాలేదు. బోణీ ఆగిపోయింది. తిరుగు బస్సులో నేను, "అందరి ముందు అనకుండా ఉండాల్సిందేమో అమ్మగారూ" అన్నాను. "అనేసేను అమ్మాయ్. ఇంక ఆ మచ్చ చూసి వాడి చేత ఎవరూ బోణీ చేయించరు. దాచుకోడానికి వాడికి ఏం మిగల్లేదు. ఇప్పుడన్నా వస్తాడు" అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తా. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషండి.

ఆవిడ అన్నట్టే అయింది, సగం. హారతి నానా తిప్పలూ పడి ఒప్పించింది. ఒక షరతు పెట్టేడంట, ఎవరూ గుర్తుపట్టని చోటు కావాలని. రాజమండ్రిలో ల్యాబ్ చూసేం. వచ్చేడు. వచ్చి, గుమ్మంలోనే, "అయ్యో అక్కా, మర్చిపోయి పెసరట్టు ఉప్మా తినేసేను. పరగడుపున రావాలి కదా, ఇంకో రోజు చూద్దాం" అని వెనక్కి తిరిగేడు. ఈవిడ అక్కడికక్కడే డాక్టరమ్మకి ఫోన్ కొట్టేరు. "తిన్నా పర్లేదండి, మొదటి పరీక్షకి అడ్డం లేదు, తీయించెయ్యండి" అంది ఆ పిల్ల. ఈవిడ ఆ మాట చెప్పి తలెత్తేసరికి మనిషి ఏడి? ఆటో ఎక్కి బస్టాండుకి పోయేడు. అంత లావు మనిషి అంత జోరుగా ఎలా పోయేడో!

ఇవాళ పొద్దున్న కన్యకమ్మ గారు మళ్ళీ బయల్దేరేరండి. ఈసారి జంగారెడ్డిగూడెంలోనే ల్యాబ్ వాడితో మాట్లాడి, సూది పట్టుకుని ఇంటికే వచ్చేలా ఒప్పించేరు. మెట్ల మీద గుండె రాసుకునే సంగతి విని డాక్టరమ్మ, రక్తంతో ఆగొద్దు, ఈసీజీ కూడా తీయించండి, నొప్పి ఎక్కువైతే ఎవరి కోసం చూడకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోండి అని గట్టిగా చెప్పిందంట. వెళ్తా వెళ్తా నాతో, "అమ్మాయ్, మా ఆయనకి వీడియోలు చూడనివ్వకు" అన్నారు.

ఇందాకే ఫోన్ చేసేరు. తమ్ముడు గోడౌనులోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడంట. ఈవిడ తలుపుకి అడ్డంగా జీడిపిక్కల బస్తా ఈడ్చుకుని దాని మీద కూర్చున్నారంట. పక్కనే ల్యాబ్ కుర్రాడు సూది పట్టుకుని నిలబడి ఉన్నాడంట. "ఒరే జగ్గూ, నీకు ఆకలేసినా దాహమేసినా ఈ తలుపే కదరా" అని అరుస్తున్నారు, ఫోన్లో నాకు వినపడతంది. లోపల్నుంచి వాడేదో అన్నాడు, అర్థం కాలేదు. "తర్వాత చేస్తానుండు అమ్మాయ్, గడియ చప్పుడైంది" అని పెట్టేసేరు.

ఇంకా ఫోన్ చెయ్యలేదండి.