రాబందుల గుట్టకు తాడేసి దిగిన మా బావ

మా బావను పిరికోడన్నరు. ఏండ్ల సంది అంటనే ఉన్నరు. మొన్న పాడె లేచేటప్పుడు గూడ వాకిట్ల నిలబడ్డ ఒకాయన పక్కాయన చెవుల అదే మాట ఊదిండు. నా చెవులు ఇంక మంచిగనే ఉన్నయి, ఇన్న. మా అక్క మొగడు పోయిన ఆయితారం పొద్దుగాల మంచంల పానం ఇడిసిండు. దగ్గు ముదిరింది, దవాఖానకు తీస్కపోదామంటే బండి కట్టనియ్యలే. మట్టి చేసి వచ్చినం. ఆ మాట మాత్రం మట్టిల కలవలే. అందుకే రాస్తున్న. నాకు వచ్చిన అక్షరాలు శానా తక్కువ. తప్పులుంటే బడి పంతులు దిద్దుతడు, మాటలు మాత్రం ముట్టద్దని చెప్పిన.

మా గుట్టను చూడనోళ్లకు జర చెప్పాలె. ఆత్మకూరు దిక్కు నుంచి కిష్ట ఏటి ఒడ్డు పట్టుకొని వస్తే ముందుగాల అదే కనవడ్తది. ఊరి దిక్కు మేకలు ఎక్కేటంత వాలు ఉంటది. ఏటి దిక్కు మాత్రం కోసిన గోడ తీరు నిలువు, కింద నీళ్లు నల్లగ తిరుగుతుంటయి. కొసకు పాత కోట బురుజు సగం కూలి ఉన్నది. దాని పక్కన పీరు సాహెబు సమాధి. బేస్తారం దీపం పెట్టనీకి సాయబుల ఇండ్లోళ్లు, మేము కలిసే ఎక్కుతుంటిమి. గుట్ట అడుగున రాచ్చస గూళ్లున్నయి. పెద్ద పెద్ద సలప బండలు నిలబెట్టి మీద మూత పెట్టినయి, ఎవరు కట్టిన్రో మా తాతలకు గూడ ఎరుక లేదు. నడుమల ఒక గుహ, అండ్ల చిర్తపులి. ఇంకో సందుల గుడ్డెలుగు. ఏటి దిక్కు గోడకు రాబందుల గూళ్లు, వాటి కింద బర్రె కడుపంత తేనె తుట్టెలు.

మాది ఆ తేనె దీసే ఇల్లు. పైనుంచి తాడేసి మనిషి దిగుతడు. తాడు పట్టేది అన్న గాదు, తమ్ముడు గాదు, కన్న కొడుకు గూడ గాదు. బామ్మర్దే పట్టాలె. అన్నదమ్ములకు పంపకాలుంటయి, మనసుల ఏమున్నదో చెప్పలేం. బామ్మర్దికి అట్ల గాదు. కిందోడు పడితే ముండమోసేది తాడు పట్టినోని తోడబుట్టిందే గద. మా ఇండ్లల్ల ఇంకో కట్టడి గూడ ఉన్నది. తాడు మీద మనిషున్నంత సేపు గుట్ట మీద ఎవ్వరు నోరు తెరవద్దు. మాట ఇంటే తేనె ఈగ లేస్తదని మా పెద్దోళ్ల నమ్మకం. ఏం చెప్పాలన్నా తాడు గుంజి చెప్పుడే. దగ్గొస్తే నోట్ల గుడ్డ కుక్కుకుంటుంటి.

మా బావకు భయం. దాన్ని దాచెటోడు గాదు. గుహ కాడికి రాంగనే ఆగి, గొంతు సవరించుకొని, పెద్దమనిషి ఇంటికి పోయినట్టు అడిగెటోడు, జర తొవ్వ ఇయ్యిన్రి, మేము మీదికి పోతున్నమని. నేను నవ్వితే, నవ్వు నవ్వు, అది బయటికొస్తే ముందల నువ్వే ఉంటవనెటోడు. మీద బురుజు కాడ నడుముకు తాడు కట్టుకొని, ఇప్పి, మళ్ల కట్టెటోడు. ఒక్కొక్క దినం పెదవులు తెల్లగైతుండె. అప్పుడు ఎప్పటి మాటే అడిగెటోడు.

"పొద్దుగాల మీ అక్కను తిట్టిన. ఇడిసిపెడ్తవా ఏంది?"

"నిన్ను జూసి పట్టిననా తాడు? అక్కను జూసి పట్టిన. దిగు."

ఆ మాట ఇన్నంకనే కాలు కిందికి పెట్టెటోడు. దిగినంక నాకు మనిషి కనవడడు, తాడొక్కటే. ఆయన వణుకు తాడెంబడి నా అరచేతులకు ఎక్కేది. నేను మొండోన్ని, ఊర్ల ఎవనికీ తల వంచలే. అయినా ఆ వణుకు తాకితే నేను గూడ కాలు ఆనిన బండను మళ్ల ఒకసారి చూసుకుంటుంటి. ఒకపారి పైకొచ్చినంక అడిగిన, ఇంత భయమైతే ఎందుకు దిగుతవని. తేనెంటిన ఏళ్లు నాక్కుంట చెప్పిండు: "భయమున్నది గాబట్టే ముడి మళ్ల మళ్ల చూస్తున్న. లేనోడు చూడడు. అసుంటోనికి నువ్వు తాడు పట్టకు."

నిజాం హాలీ సిక్క పోయి కొత్త పైసలొచ్చిన కాలంల మా దిక్కు సడక్ పడ్డది. కంకర కోసం ఒక గుత్తదారు వచ్చి గుట్టను ఊరి దిక్కు నుంచి పగలగొట్టుడు షురూ చేసిండు. బండకు బొక్కలు కొట్టి, పేలుడు మందు కూరి, వత్తి ముట్టిస్తరు. ముట్టించే ముందు మేస్త్రి గట్టిగ కేకెయ్యాలె, గుట్ట మీద ఎవరన్న ఉంటే పలకాలె. అది వాళ్ల కట్టడి. పలకొద్దన్నది మా కట్టడి. ఈ రెండు ఒక్క గుట్ట మీద ఎట్ల కుదురుతయని ఎవ్వనికీ తోచలే. సప్పుడు లేకుంటే వాళ్లకు గుట్ట ఖాళీ. సప్పుడు లేకుంటే మాకు అంత మంచిగున్నట్టు.

వాళ్లు పొద్దెక్కినంక గాని పనికి రారు, మేము తెల్లారంగనే ఎక్కెటోళ్లం. ఆ దినం వాళ్లు జల్ది వచ్చిన్రు. బావ సగం గోడ దిగిండు. పొగ పెట్టినట్టు వాసనొచ్చింది. కేక మాత్రం నాకు ఇనవడలే. ముందుగాల కాళ్ల కింద బండ కదిలింది, ఆ వెనక సప్పుడు. రాబందులు అన్ని ఒక్కసారే లేసినయి, మీద మబ్బు కమ్మినట్టయింది. బురుజు నుంచి రాళ్లు దొర్లి నా పక్క నుంచే ఏట్ల పడ్తున్నయి. తాడు చేతుల్ల జారింది. అరచేతుల తోలు లేచిపోయింది. కాలు బండకు తన్నిపెట్టి ఆపిన. అప్పుడే కిందికెల్లి చిర్త వచ్చింది. నా మీదికే వస్తాందనుకున్న. కండ్లు మూస్కోనీకి గూడ ధైర్యం చాలలే. చెవులు తలకు అతుక్కపోయి, పొట్ట నేలకు రాసుకుంట, నా తొడకు దాని ఒళ్లు తగిలేటంత దగ్గరికెల్లి ఉరికింది. నా దిక్కు చూడనే లేదు. అది గూడ వణుకుతాంది. ఆ వణుకు, తాడులకెల్లి వచ్చే వణుకు, నా వణుకు, ఏది ఎవరిదో నాకు తెల్వలే.

తాడు ఇడవలే. గుంజిన. ఈగలు కప్పుకొని వచ్చిండు, మొఖం ఉబ్బి కండ్లు తెరవరాలే. బండ మీదికి లాగి పండవెడితే చేతులతోని నన్ను తడుముకుంట అడిగిండు.

"ఉన్నవా?"

"ఉన్న."

చిన్న పిల్లగాని లెక్క ఏడ్చిండు. ఇంటికి పోయినంక మా అక్క ఆయనకు పసుపు రాసి, నా అరచేతులు ఒళ్లె పెట్టుకొని వెన్న రాసింది.

మేస్త్రి కాడికి పోయి అడిగిన. కేకేసిన, మీరు పలకలే, ఎవ్వరు లేరనుకున్న అన్నడు. అయితే పీరు సమాధి మీద చెయ్యి పెట్టి చెప్పమన్న. నాకు పనున్నదని ఎల్లిపోయిండు. ఎన్నిసార్లు ఎదురువడ్డా అదే తప్పించుకునుడు.

బావ మళ్ల తాడు కట్టుకోలే. అదే ఊరోళ్లకు నవ్వులాట అయింది. మేకలు గాసుకొని బతికిండు. ఉరిమితే మంచం కోడు పట్టుకుంటుండె. అయినా ఎండకాలం తేనె దీసే దినాలొస్తే, ఎవ్వరు చెప్పకముందే లేసి గుట్ట అడుగున పని చేసేటోళ్ల కాడికి పోయి, ఇయ్యాల మా మనిషి దిగుతాండు, మందు ముట్టియ్యకున్రి అని ఒక్కొక్కనికి చెప్పి, దిగినోడు మళ్ల మీదికి వచ్చేదాక ఆడనే కూసుండెటోడు. కూలోళ్లు ఎక్కిరించెటోళ్లు, ముసలోడా, పులికన్నా మాకే ఎక్కువ భయపడ్తవేందని. అవును, పులి తొవ్వ అడిగితే ఇస్తదని చెప్పెటోడు. ఆయన కూసున్న ఏండ్లల్ల ఒక్క మనిషికి దెబ్బ తాకలే. పిరికోడు చేసిన పని ఇది. నా అక్క కొడుకు ఇన్నేండ్లు తాడు దిగి ఇయ్యాల్టికి నడుస్తాండంటే అందుకే.

ఇప్పుడు ఆడ కూసునేటోడు లేడు. మొన్న మట్టి చేసి వచ్చేటప్పుడు తలెత్తి చూసిన. ఊరి దిక్కు బండ అయిపోయినట్టున్నది, ఏటి దిక్కు గోడ మీద, సరిగ్గ తుట్టెల మీద, గుత్తదారు మనుషులు తెల్లగ సున్నం బొట్లు పెట్టిన్రు. బొక్కలు కొట్టే జాగా అదేనట. బురుజు ఆ గోడ మీదనే ఉన్నది, పీరు సమాధి గూడ. మా మేనల్లుడు వచ్చే వారం దిగుతనంటున్నడు. నాయిన పోయిండు, ఈ ఏడు ఆగురా అంటే, నాయిన పోతే తుట్టె ఆగుతదా మామా అన్నడు. నిన్న పొద్దుగాల పోయి ఆ బొట్ల కింద నిలబడ్డ. రాబందొకటి బొట్టు పక్కనే రెక్కలు ఇప్పి ఎండకు ఆరవెట్టుకుంటాంది. దానికేం తెలుసు.

నాకు భయమైతాంది. ఎవనికీ తల వంచనోడు ఈ మాట కాయితం మీద పెడ్తున్నడంటే అర్థం చేసుకోన్రి. గుత్తదారూ, మేస్త్రీ, మీకు చదివి ఇనిపించెటోళ్లు ఉంటరు. ఏటి దిక్కు మందు పెడ్తరా, పెట్టరా? పెడితే ఏ దినం, ఏ పొద్దు? చాటుగ నా చెవుల గాదు, ఊరంత ఇనేటట్టు డప్పు కొట్టిచ్చి చెప్పాలె. బుధారం అంగడి లేసే లోపల నాకు జవాబు గావాలె.