వాసన కోసం తోమిన ఇత్తడి

మా అక్క మొగుడు ఆర్విడ్‌కి ఇత్తడంటే పిచ్చి. మోంటానాలో మా లోయలో వేట తుపాకి లేని ఇల్లు లేదు, పేల్చిన తూటా డొప్పను పారేసే ఇల్లూ లేదు. శుభ్రం చేసి, మళ్ళీ మందు పోసి, కొత్త గుండు బిగిస్తే ఆ ఇత్తడి డొప్ప ఇంకోసారి పనికొస్తుంది. ఊళ్ళో సగం మంది కాఫీ డబ్బాల నిండా డొప్పలు పోసుకుని ఆర్విడ్ గరాజ్‌కే వచ్చేవాళ్ళు. రైలు పట్టాల పని చేసి రిటైరైన మనిషి, ఖాళీగా కూర్చోలేడు. డబ్బులిస్తే తిట్టేవాడు. ఎల్క్ దుప్పి మాంసం ఇస్తే మాత్రం కాదనేవాడు కాదు.

ముందు డొప్ప అడుగున మందుని అంటించే చిన్న బిళ్ళ, కాలిపోయినదాన్ని, ఊడదీసేవాడు. వెనిగర్ నీళ్ళలో కడిగి, మా అక్క బిస్కెట్లు కాల్చే రేకు మీద పరిచి ఓవెన్‌లో సన్నసెగన ఆరబెట్టేవాడు. ఆ తర్వాత వాటిని మొక్కజొన్న కండెల పొట్టుతో కలిపి డ్రమ్ములో పోసి స్విచ్ వేస్తే, అది పూటంతా గరగరలాడుతూనే ఉండేది. పక్కిల్లే కాబట్టి ఆ మోత నాకూ తప్పేది కాదు. "మీ ఆయన రాళ్ళు ఉడకేస్తున్నాడా ఏంటే?" అని అక్కని ఏడిపించేదాన్ని. చివర్లో ఒక్కో డొప్పనీ కిటికీ దగ్గర తిప్పి చూసి, వంచిన తీగతో లోపలి గోడ తడిమేవాడు. తీగ ఎక్కడైనా తట్టుకుందంటే లోపల పగులున్నట్టే, ఆ డొప్ప సుత్తి దెబ్బకి చపాతీ అయిపోయేది.

అక్క సోల్వెగ్‌ది వేరే ఇత్తడి. చర్చిలో కొవ్వొత్తులు నిలిపే దీపస్తంభాలు తోమే ఆడవాళ్ళకి తనే పెద్ద. ప్రతి గురువారం వాటిని ఇంటికి తెచ్చుకుని వంటింటి బల్ల మీద పాలిష్ పెట్టి రుద్దేది. ఆ పాలిష్‌లో అమోనియా ఉంది. మూత తీస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆర్విడ్ ఆ డబ్బాని గరాజ్ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

"దీపాలకి పర్లేదు. తూటా డొప్పకి తగిలిందా, లోపల్లోపలే తినేస్తది. పైకి మాత్రం నిగనిగలాడతా ఉంటది. పేల్చినప్పుడు చీలి, మంటంతా మొహం మీదికొస్తది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

అక్క ఊరుకునేదా? ఆ పాలిష్ చేతుల్తోనే గుమ్మంలో నిలబడి, "రానా? ఒక్క అడుగు పెట్టనా?" అనేది.

"సోల్వెగ్! చేతులు కడుక్కుని రా!" అని అతను కేకలు పెట్టేవాడు. ముసలితనంలో వాళ్ళ సరసం అదీ.

ఈస్టర్‌కి ముందు అక్క పోయింది. డ్రమ్ము ఆగిపోయింది. తెచ్చినవాళ్ళ డబ్బాలు తెచ్చినట్టే తిప్పి పంపేశాడు. చలికాలం కోటు విప్పకుండా ఎండాకాలమంతా వరండాలో కూర్చున్నాడు. నేను వండి పట్టుకెళ్ళిన కూర కుక్కకి పెట్టేవాడు. చివరికి వాళ్ళ కూతురు మారిట్, స్కూల్ బస్సు నడుపుతుంది, తన డొప్పలు పట్టుకొచ్చి ఒళ్ళో కుమ్మరించింది. "సీజన్ దగ్గరకొచ్చింది నాన్నా. నీ తూటాలు లేకుండా కొండెక్కమంటావా?" అంది. మర్నాడు డ్రమ్ము గరగరమంది. గిన్నెలు కడుగుతున్నదాన్ని ఆ మోత విని ఏడ్చేశాను.

తూటాలు తయారయ్యాయి. వాటిని చూసి నేనే అన్నాను, "ఏం ఆర్విడ్, ఇవి తూటాలా, ఉంగరాలా?" అని. అతను నవ్వలేదు. ఆ తర్వాత వారం మారిట్ కంటి కింద చిన్న కాలిన మచ్చ కనిపించింది. ఓవెన్ తలుపు తగిలిందంది. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళేదే తక్కువ, అయినా నాకు అనుమానం రాలేదు.

వేట మొదటి రోజు మారిట్ చీకటితోనే కొండెక్కింది. తెల్లవారాక నేను కూరగిన్నె పట్టుకుని ఆర్విడ్ గరాజ్ తలుపు తోశాను. అక్క వాసన గుప్పుమంది. అక్క లోపలే ఉందనుకున్నాను. నిజంగానే పేరు పెట్టి పిలవబోయాను.

బల్ల మీద పాలిష్ డబ్బా, పక్కన అక్క గుడ్డ ఉన్నాయి. ఆర్విడ్ దీపం కింద కూర్చుని, భూతద్దంతో ఒక ఖాళీ డొప్పని చూస్తున్నాడు.

"ఈ డబ్బా ఇక్కడేం చేస్తోంది?" అన్నాను.

"వాసన కోసం తెచ్చుకున్నా. ముందు మూత తీసి కూర్చునేవాణ్ణి. తర్వాత ఏదన్నా రుద్దాలనిపించింది." డొప్ప నా చేతిలో పెట్టాడు. మెడ దగ్గర వెంట్రుక లాంటి గీత ఉంది. "తోరా, బాగా కడిగాలే, ఏం కాదులే అనుకున్నా. మిగిలిపోయిన ఈ ఒక్కటీ ఇప్పుడే చూశా."

"మారిట్ తూటాలు కూడా ఇవేనా?"

అతను లేచాడు. గోడకున్న ట్రక్కు తాళం తీసుకున్నాడు. గిన్నె అక్కడే పడేసి నేనూ ఎక్కాను.

కొండ కింద మారిట్ ట్రక్కు ఆగి ఉంది. మంచులో అడుగులు పైకి పోయాయి. ఆర్విడ్‌ది పాడైపోయిన తుంటి, ఎక్కలేడు. స్టీరింగ్ దగ్గరకొచ్చి హారన్ మీద చెయ్యి పెట్టి మళ్ళీ తీయలేదు. వేట మొదటి పొద్దున ఆ కొండ కింద హారన్ కొట్టడం చర్చిలో ఈల వేయడం కంటే ఘోరం. పైనెక్కడో ఎవడో బూతులు తిట్టాడు. ఇంతలో తుపాకి పేలింది. ఆర్విడ్ చెయ్యి హారన్ మీంచి జారిపోయింది. నాకు వచ్చిన ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు.

చాలాసేపటికి చెట్ల మధ్యలోంచి మారిట్ దిగొచ్చింది. మొహం ఎర్రగా ఉంది, కోపంతోనే.

"ఎవరు పోయారు? ఎందుకా గోల? పక్క గట్టు మీదోడు బెదిరిపోయి పేల్చాడు, దుప్పుల మందంతా పారిపోయింది!"

"తుపాకి ఖాళీ చెయ్. నా తూటాలు పేల్చొద్దు" అన్నాడు ఆర్విడ్.

మారిట్ తుపాకి గొళ్ళెం లాగింది. మంచులో పడ్డవి మా ఆర్విడ్ తూటాలు కావు, కొట్లో కొన్నవి. అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"నీవి సీటు కింద ఉన్నాయ్ నాన్నా. పోయినవారం కంకర గుంటలో పేల్చి చూస్తే ఒకటి చీలింది." వేలితో మచ్చ చూపించింది. "నీ కళ్ళు తగ్గాయనుకున్నా. చెప్తే మళ్ళీ గరాజ్ మూసేస్తావని చెప్పలే."

అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు. ఆర్విడ్ ఆ దారి పట్టలేదు.

"కళ్ళు బాగానే ఉన్నాయ్. మీ అమ్మ పాలిష్ పెట్టా. తెలిసే పెట్టా."

మారిట్ దగ్గరకొచ్చింది. అతని చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే విదిలించేసింది.

"నాకూ అమ్మే కదా నాన్నా! వాసన కావాలంటే నన్ను పిలవొచ్చుగా. ఇద్దరం కూర్చునేవాళ్ళం. నా కన్ను పోయేది!"

ఆ పిల్ల ట్రక్కెక్కి వెళ్ళిపోయింది. మంచులో తూటాలు నేనే ఏరాను.

ఆ తర్వాత మారిట్ ఆ ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే బస్సు టైమైందనేది. ఆర్విడ్ డ్రమ్ములోని పొట్టు పారబోశాడు. పాలిష్ డబ్బా ఇచ్చెయ్, చర్చిలో పెడతానంటే నాకివ్వలేదు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ పోయాక ఒక గురువారం మేం ఆడవాళ్ళం చర్చి వెనక గదిలో దీపస్తంభాలు తోముతుంటే తలుపు తెరుచుకుంది. ఆర్విడ్, చేతిలో డబ్బా, అక్క గుడ్డ.

"ఇవి తుపాకిలోకి వెళ్ళవు కదా" అన్నాడు. నేను జరిగి చోటిచ్చాను. పెద్ద స్తంభం ముందుకి లాక్కుని మూత తీశాడు.

గది చిన్నది. ఘాటుకి అందరికీ కళ్ళు మండాయి. నేను లేచి కిటికీ రెక్క కాస్త తెరిచాను, ఘాటు బయటికి పోయింది. సరిగ్గా ఆ కిటికీ కింద మారిట్ ట్రక్కు ఆగి ఉంది. రోడ్డంతా గడ్డకట్టింది, తండ్రిని తనే దింపినట్టుంది, లోపలికి మాత్రం రాలేదు. తలెత్తి కిటికీని చూసింది. అంత చలిలోనూ తన ట్రక్కు అద్దం పూర్తిగా కిందికి దించింది. ఆర్విడ్ తోమడం అయ్యేదాకా దాన్ని మళ్ళీ ఎత్తలేదు.