పన్నెండో ఎక్కం పాడిన రచయిత్రి

దేశంకాని దేశంలో మేముంటున్న పాపకూర అనే ఊళ్లో మా అమ్మాయి చదివే బడి లైబ్రేరియన్ ఒకసారి నన్ను పిలిచింది. పిల్లల కోసం నేను ఇంగ్లీషులో రాసిన గేదె కథల పుస్తకం అప్పుడే అచ్చయింది. పిల్లలతో మాట్లాడి, ఒక గంట వాళ్లచేత కథలు రాయించాలట. "ముందు చిన్న స్వాగతం ఉంటుంది. మీవాళ్లందరినీ తీసుకుని రండి" అంది ఫోనులో.

ఆ చివరి ముక్క మర్యాదకు అన్నదనుకున్నాను. రమ్మన్నారు కదా అని ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వెళితే, భోజనాలకొచ్చిన బంధువుల్లా ఉండదూ? వస్తానన్న మా ఆయన్ని కూడా "మీరెందుకండీ, నలుగురూ ఏమనుకుంటారు" అని ఆపేశాను.

తొమ్మిదేళ్ల మా అమ్మాయి బెంగ మాత్రం వేరు. ఆ బడిలో కొత్తగా చేరింది, అప్పుడప్పుడే ఇద్దరు స్నేహితురాళ్లు దొరికారు. వాళ్ల ముందు నేనేం వెలగబెడతానో అని దాని భయం.

"అమ్మా, ప్లీజ్. పట్టుచీర వద్దు. ఫన్నీగా ఏం చేయకు. ప్రామిస్?"

"చేయనే తల్లీ" అన్నాను. పట్టుచీరే కట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

హాల్లో ఒకవైపు బడి మొత్తం కూర్చుంది. మధ్యలో బోలెడు ఖాళీ జాగా వదిలి, ఎదురుగా అతిథులకు రెండు వరసల కుర్చీలు వేశారు. వాటిలో నేనొక్కదాన్నే. బడి తరఫున, ఆ దేశపు మూలవాసులైన మావోరీల పెద్దాయన ఒకాయన లేచి గంభీరంగా మాట్లాడాడు. ఆయన ముగించగానే పిల్లలంతా లేచి పాట పాడారు. ఎంత బాగుందో! నేనూ లేచి, వేదిక లేకపోయినా వేదికనలంకరించిన పెద్దలందరికీ వందనాలు చెప్పి కూర్చోబోయాను.

లైబ్రేరియన్ వెనకనుంచి వంగి, "ఇప్పుడు మీవాళ్లు పాడాలి. మాటకు పాట తోడుండాలి, అది ఇక్కడి ఆచారం" అంది మెల్లగా. మావాళ్లంటే ఖాళీ కుర్చీలు.

నాకు పల్లవి దాటితే ఏ పాటా రాదు. మొదటినుంచి చివరిదాకా, రాగంతో సహా కంఠతా వచ్చినవి లోకంలో ఎక్కాలే. రెండో ఎక్కం మరీ చంటిపిల్లల వ్యవహారంగా ఉంటుందని, సభామర్యాద కోసం పన్నెండో ఎక్కం ఎత్తుకున్నాను.

"పన్నెండొకట్ల పన్నెండూ... పన్నెండు రెళ్లు ఇరవై నాలుగూ..."

పెద్దాయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. నాకు ధైర్యమొచ్చి గమకాలు కూడా వేశాను. అక్కడే దెబ్బతిన్నాను. పన్నెండు ఎనిమిదుల దగ్గర బండి ఆగిపోయింది. తొంభై... తొంభై ఎంత? "పన్నెండెనిమిదులూ..." అని దీర్ఘం మీద దీర్ఘం తీశాను. మా అమ్మాయి రెండు చేతుల్లో మొహం దాచుకుని కనిపించింది. చచ్చానురా దేవుడా, దాని పరువు గంగలో కలిపేశాను అనుకున్నాను.

అప్పుడది లేచింది. స్నేహితురాళ్ల మధ్యనుంచి లేచి, ఎవరూ దాటని ఆ ఖాళీ జాగా దాటుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"తొంభై ఆరూ" అని అందుకుంది.

పొద్దున్నే జడ వేస్తూ దానిచేత వల్లె వేయించినందుకు ఫలితం దక్కింది. నూట ఇరవై దాకా ఇద్దరం కలిసి పాడాం.

పెద్దాయన వచ్చి, వాళ్ల పద్ధతిలో ముక్కుకు ముక్కు ఆనించి పలకరించాడు. "చాలా పాత పాటలా ఉంది. దేని గురించి?" అని అడిగాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపే మా అమ్మాయి నా కొంగు లాగింది.

"కొంచెమే ఉన్నవాళ్లు ఎక్కువమంది ఎలా అవుతారో, దాని గురించి" అంది ఇంగ్లీషులో, చాలా సీరియస్‌గా.

ఆయన కదిలిపోయి, ఆ పాట పిల్లలందరికీ నేర్పమన్నాడు. కథలు రాయించాల్సిన గంట కాస్తా ఎక్కానికే సరిపోయింది. ఇద్దరు స్నేహితురాళ్లనీ చెరోపక్కన నిలబెట్టుకుని, ముందు నిలబడి పాడించింది మా అమ్మాయే.