యుమ్మాకి నేను చెప్పిన కొరియా సినిమాలు

ఇప్పుడంటే ఎవరి ఫోను వాళ్ళ చేతిలో, ఎవరి సినిమా వాళ్ళ చెవుల్లో గానీ, ఆ రోజుల్లో మా రాజోలు వైపు సినిమా చూసొచ్చినవాళ్ళు చూడనివాళ్ళకు కథ చెప్పి తీరాలి. పేర్లు పడటం దగ్గర్నుంచి ఎత్తుకుని, ఫైటింగులు నోటితోనే చేసి, పాటలు పాడి, ఇంటర్వెల్ దగ్గర ఆగి మంచినీళ్ళు తాగి మరీ చెప్పాలి. ఈ విద్యలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. (చదువులో నన్ను మించనివాళ్ళు లేరు, అది వేరే సంగతి.) పరాయిదేశంలో నా కొంప ముంచేది ఈ విద్యేనని అప్పుడు నాకేం తెలుసు.

బహ్రెయిన్ వచ్చి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. అక్కడ పద్ధతి ఏమిటంటే, మొదటి మూడు నెలల్లో ఇంటివాళ్ళకు నచ్చకపోతే పనిమనిషిని పెట్టెతో సహా తెచ్చి, పంపిన ఆఫీసుకే అప్పగించేస్తారు. నాకు ముందు ఆ ఇంట్లో చేసినవాళ్ళందరూ అలా వెనక్కి వెళ్ళినవాళ్ళే. కారణం మేడమ్‌గారి తల్లి. అందరూ యుమ్మా అంటారు, అంటే అమ్మ అనే. మోకాళ్ళు పనిచేయవు, చూపు మసక, నోరు మాత్రం దివ్యంగా ఉంది. ఆవిడను కనిపెట్టుకుని ఉండటమే నా డ్యూటీ. బహ్రెయిన్‌లోనే నువైద్రాత్ అనే ఊళ్ళో పనిచేసే మా పిన్ని ఫోన్లో ముందే హెచ్చరించింది. "నోరు కట్టుకుని ఉండవే తల్లీ. పనిమనిషికి చేతులుండాలి గానీ నోరుండకూడదు. నీ సంగతి నాకు తెల్దేటి?" ఊరందరికీ చెప్పుకుని వచ్చినదాన్ని, మూడు నెలలకే దిగబడితే ముఖం ఎక్కడ పెట్టుకోను? అందుకని కొన్నాళ్ళు నిజంగానే నోరు మూసుకున్నాను.

ఆ ఇంటి మనవరాలికి కొరియా పిచ్చి. కాలేజీకి వెళ్తూ వెళ్తూ, ముసలావిడకు కాలక్షేపంగా ఉంటుందని టీవీలో ఏదో ఒక కొరియా సినిమా పెట్టి పోయేది. (రిమోటు ముట్టుకునే ధైర్యం మా ఇద్దరికీ లేదు.) మాటలేమో కొరియావి, కింద అక్షరాలేమో అరబీవి. యుమ్మాకి ఆ అక్షరాలు కనబడవు, నాకు కనబడతాయి గానీ చదవడం రాదు. ఒకరోజు ఆవిడ విసుగ్గా, ఏమంటున్నాడు వాడు అని అడిగింది. తెలియదంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటేనా! కొంత అరబీ, కొంత హిందీ, మిగతాది చేతులూ కళ్ళూ తిప్పడం, మొత్తానికి మొదలుపెట్టాను. గాలికి జుట్టు ఎగిరినవాడు హీరో. సూటేసుకుని నవ్వేవాడు విలన్. దగ్గే ముసలావిడ తల్లి, ఇంటర్వెల్ దాకా ఉండదు. పాపం కొరియావాళ్ళ సినిమాల్లో పాటలు లేవు, అవి నేనే పాడాను. దయ్యాల సినిమాలో జుట్టు విరబోసుకున్న పిల్లను అత్తింటి ఆరళ్ళు పడి చచ్చిపోయిన కోడల్ని చేస్తే, యుమ్మా ఆ కనబడని అత్తను నోరారా తిట్టింది. ఇంటర్వెల్ అన్న మాట ఆవిడకు తెగ నచ్చింది. సరిగ్గా కథ పాకాన పడే చోట చెయ్యెత్తి ఇంటర్వెల్ అనేది, నేను పోయి టీ తెచ్చేదాన్ని.

చిక్కల్లా ఏమిటంటే, కొరియావాళ్ళకు హీరోను చంపడానికి చెయ్యి వణకదు. హీరో చావడు యుమ్మా, నాదీ పూచీ అని నేను అన్నానో లేదో, వానలో కత్తిపోటు తిని పడ్డాడు. లేస్తాడని చూశాం, పేర్లు పడిపోయాయి. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు దేవుడు నా మొర విన్నాడు, రాజుల సినిమాలో ఆ కుర్రాడే గుర్రమెక్కి వచ్చాడు. చూశావా బతికే ఉన్నాడు అన్నాను. ఆ గుర్రమేంటి, ఆ బట్టలేంటి అంది. పునర్జన్మ అన్నాను. అలాంటివి మాకు లేవని కసిరింది. అయితే చచ్చినవాడి తమ్ముడు, చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయాడు అన్నాను. కాసేపు ఆలోచించి, తల్లికి తెలుసా అని అడిగింది. ఆ తర్వాత పోలీసు సినిమా, నవ్వుల సినిమా, శవాలు లేచి పరిగెత్తే సినిమా, ఎందులో వాడు కనబడినా తప్పిపోయిన ఇంకో తమ్ముడే. ఆ తల్లి కాన్పులకు అంతులేకుండా పోయింది.

మూడు నెలల గడువు ఇంకా కాస్త ఉందనగా మనవరాలు ఒక సముద్రం సినిమా పెట్టింది. నల్లటి రబ్బరు బట్టలేసుకున్న ముసలమ్మలు ఊపిరి బిగబట్టి నీళ్ళలో మునిగి, అడుగునున్న ఆల్చిప్పలు ఏరుకుని తేలుతున్నారు. గాలికి జుట్టు ఎగిరేవాడు ఎంతకీ రాడు. అది జరిగింది జరిగినట్టు తీసిన డాక్యుమెంటరీ అని నాకెలా తెలుస్తుంది? (మా హాల్లో డాక్యుమెంటరీ అంటే సినిమాకు ముందు వేసే పొగాకు బొమ్మ ఒక్కటే.) హీరో రావాలంటే ముందు ఎవరో ఒకరు పోవాలి కదా అని, అందరిలోకి పెద్దావిడ మునగగానే, ఈవిడ ఇక పైకి రాదు యుమ్మా, కొడుకొచ్చి పగ తీర్చుకుంటాడు అనేశాను. సముద్రం మీద పగ ఎలా తీర్చుకుంటాడో తర్వాత చూసుకోవచ్చు లెమ్మనుకున్నాను.

యుమ్మా ఇంటర్వెల్ అనలేదు. తిరిగి చూస్తే ముఖానికి ముసుగు కొంగు కప్పుకుని ఏడుస్తోంది. తెర మీద ఆ పెద్దావిడ ఈల వేసినట్టు ఊపిరి వదులుతూ పైకి తేలింది. వచ్చింది యుమ్మా, పైకొచ్చింది, ఒట్టు, నువ్వే చూడు అని బతిమాలాను. ఆవిడ కొంగు తియ్యలేదు. అన్నాళ్ళలో నేను చెప్పిన నిజం అదొక్కటే, అదే నమ్మలేదు. ఏడుపుకి బీపీ ఎక్కింది. మేడమ్ పరిగెత్తుకొచ్చి, సంగతి విని, "ఖలాస్. రేపు ఆఫీసుకి" అంది. సాయంత్రం మనవరాలు వచ్చి ఆ దయ్యం కోడలు కాదనీ, కుర్రాడికి తమ్ముళ్ళే లేరనీ ఒక్కొక్కటే చెబుతుంటే భూమిలోకి కుంగిపోయాను.

పొద్దున్న పెట్టె పక్కన నిలబడ్డాను. దీన్ని పంపేయనా అని మేడమ్ తల్లిని అడిగింది. యుమ్మా నావైపు చూడకుండానే, "ఇది చెప్పేవన్నీ అబద్ధాలని నాకు మొదటి రోజే తెలుసు. మీరందరూ నిజమే చెబుతారు, నిలబడి చెప్పి వెళ్ళిపోతారు. ఇది కూర్చుని చెబుతుంది. ఉండనీ" అంది.

అప్పుడు ఏడ్చాను, దాచడమెందుకు. ఆవిడ ఆ సముద్రం సినిమా మళ్ళీ పెట్టించుకుంది. నన్ను నోరు మూసుకోమంది. కుర్చీ టీవీ దగ్గరికి జరిపించుకుని, పెద్దావిడ పైకి తేలడం ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది. ఆ తర్వాత చెప్పింది, వాళ్ళ నాన్న ముత్యాల కోసం మునిగేవాడట, ఒకసారి పైనున్నవాళ్ళు లాగితే తాడొక్కటే వచ్చిందట. ఆ పూట కథ చెప్పింది ఆవిడ, టీ తాగింది నేను.

యుమ్మా పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఇక్కడే వేరే ఇంట్లో చేస్తున్నాను. కొరియా సినిమాలు తెలుగు మాటలతోనే ఫోన్లోకి వచ్చేస్తున్నాయి, ప్రతి మాటా అర్థమవుతుంది, సగానికల్లా నిద్రొచ్చేస్తుంది. అలాంటప్పుడు యుమ్మాకి కథలు చెప్పిన ఆ వాగుడుకాయ పిల్ల ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే బాగుండనిపిస్తుంది. అడ్డు చెప్పకుండా వింటాను, ఎన్ని అబద్ధాలైనా చెప్పనీ.