నికెల్ నీళ్లు, గాయపాకు

పటాన్‌చెరు దగ్గర ఇత్తడి నల్లాలకు మెరుపు పూత వేసే షెడ్డులో ఆరేళ్లు పనిచేశాను. కొక్కేలకు తగిలించిన నల్లాలను ఆకుపచ్చటి నికెల్ నీళ్ల తొట్టిలో ముంచి, తీసి, కడగడం నా పని. గ్లౌజులు ఇచ్చేవాళ్లు. అవి వేసుకుంటే నల్లాల చిన్న విడి భాగాలు చేతికి దొరకవని అందరం తీసి పక్కన పడేసేవాళ్లం. అది మా తెలివి.

ఆరో ఏట వేళ్ల సందుల్లో దురద మొదలైంది. తర్వాత పొక్కులు, పగుళ్లు, రసి కారడం. చిట్కుల్‌లో కిరాయి గదిలో నేనూ మా అత్తా ఉంటాం. మా ఆయన పోయినప్పటి నుంచి ఇద్దరికీ నా పనే ఆధారం. అత్త ఊహ తెలిసిన దగ్గర్నుంచి కలుపు తీసిన మనిషి. నా చేతులు చూసి ఏమీ కంగారు పడలేదు.

“కొడవలి తెగితే గాయపాకు పిండుతం. రెండ్రోజులల్ల మానుతది. గిదెంత?” అంది.

గాయపాకు అంటే గట్ల మీద మొలిచే గడ్డిచామంతి. తెగిన గాయానికి అది నిజంగానే పనిచేస్తుంది, చిన్నప్పుడు నా కాలికీ పిండారు. నాది తెగిన గాయం కాదన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు. దవాఖానకు పోతే ఒక రోజు పని పోతుంది, ఆకు మాత్రం ఖాళీ ప్లాట్ల నిండా ఉంది. రోజూ సాయంత్రం అత్త ఆకు నలిపి ఆ పచ్చి పుండ్ల మీద రసం పిండేది. చల్లగా, హాయిగా ఉండేది. పొద్దున మళ్లీ తొట్టి. ఇట్లా నాలుగు నెలలు గడిపాం.

తగ్గలేదు సరికదా, మోచేతుల దాకా పాకింది. సూపర్‌వైజర్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, “అక్కా, గీ చేతులతోని పనేం జేస్తవు? తక్కువైనంక రా” అన్నాడు. తక్కువయ్యేది లేదని అతనికీ తెలుసు.

“పోతే పోనీ బిడ్డా. చేన్లు యాడికి పోయినయ్? నాతోని కలుపుకు రా” అంది అత్త.

నిజం చెప్పాలంటే ఆ మాటకు సంతోషించాను. చేనులో నికెల్ ఉండదు కదా. పత్తి చేనులో కలుపు పీకిన మూడో రోజు ముఖం ఉబ్బి కళ్లు తెరుచుకోలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇక తప్పక పట్నం దవాఖానకు పోయాం. డాక్టరు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూశాడు. రెండు చోట్ల ఎర్రగా పొంగి ఉంది. ఒకటి నికెల్. రెండోది చామంతి జాతి మొక్కల రసం. ఓపికగా చెప్పాడు. “ఒంట్లో కావలివాళ్లు ఉంటారమ్మా. ఒకసారి నికెల్‌ను శత్రువు అనుకున్నారంటే ఇక మర్చిపోరు. పగిలిన చర్మం మీద రోజూ ఆకు రసం పిండారు కదా, దాన్నీ శత్రువుల్లో కలిపేసుకున్నారు.” మందుతో దురద తగ్గుతుందట, ఆ గుర్తు మాత్రం పోదట. ఆ లోహం ముట్టుకోవద్దు, ఆ మొక్క ఉన్న చోటికి పోవద్దు అన్నాడు.

అత్త అంతసేపూ గోడకు ఆనుకుని వింది. “మరి గా మొక్క మొలువని చేను యాడుంటది సారూ?” అని అడిగింది. ఆయన తల వంచుకుని చీటీ మీద ఆయింట్‌మెంటు పేరు రాశాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త నా పక్కనే కూర్చుంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని నేను కుమిలిపోతున్నాను. “నేనే జేసిన బిడ్డా నీకు” అంది మెల్లగా. కాదు అత్తా, చేతులు చాపింది నేనే కదా అని అనాల్సింది. కోపంతో రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఆమె ఒక్కతే కూలికి పోతోంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి, ఆడవాళ్లతో కలిసి ఆటో ఎక్కుతుంది. ఆమె తెచ్చినదే నేను తింటున్నాను. నీ తప్పు కాదని ఒక్క మాట అంటే ఆమెకు నిద్ర పడుతుందని తెలుసు. ఆ మాట ఇంకా నా నోట రాలేదు, ఎందుకంటే అది ఆమె తప్పేనని నేను ఇంకా అనుకుంటున్నాను.