తలుపు తిరిగినంత మేర

మా హాల్లో పరిచే ఎర్ర తివాచీకి ఒక మూల గుండు కొట్టించినట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు ఎవరైనా చూసి అడిగితే నాన్న "అది డిజైనండీ" అంటాడు. డిజైనూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అది మా చిన్నత్త కత్తెర పని.

చిన్నత్త నాన్నకి చెల్లెలు. నేను పుట్టినప్పుడు అమ్మకి సాయంగా కొన్నాళ్ళు ఉండి వెళదామని వచ్చింది. ఆ కొన్నాళ్ళు నేను కాలేజీకి వచ్చేదాకా సాగాయి. వెళతానన్నప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి అడ్డం పడేది. నాకు టైఫాయిడ్, అమ్మకి ఆపరేషను, నా పదో తరగతి. "ఇది కానివ్వు, తర్వాత చూద్దాం" అనేవాడు నాన్న. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుందో ఆయనకే తెలీదు. ఆమెకి ఇచ్చింది హాలు పక్కన సామాన్ల గది. మంచం వేశాక మనిషి ఒదిగి నిలబడేంత చోటు మిగిలేది. కిటికీకి ఇనప ఊచలు. లోపలికి తెరిస్తే మంచానికి తగులుతుందని ఆ గది తలుపు హాల్లోకి తెరుచుకునేలా పెట్టారు. జరిగిందంతా ఆ తలుపు దగ్గరే కాబట్టి ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆమె తివాచీల కార్ఖానాలో పనిచేసేది. నేత అయ్యాక తివాచీ మీద ఊలు దువ్వని జుట్టులా ఎగుడుదిగుడుగా లేచి ఉంటుంది. దాన్ని సమంగా కత్తిరించడం ఆమె పని. పిడి పైకి వంగి, పదునైన అలుగులు తివాచీకి ఆనేలా ఉండే పెద్ద కత్తెర ఒకటి ఉండేది ఆమెకి. పట్టుకుని పట్టుకుని కుడిచేతి బొటనవేలు ఒక పక్కకి తిరిగిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ కత్తెర దిండు పక్కనే ఉండేది. నేను ముట్టుకుంటే మాత్రం చెయ్యి మీద ఒకటి వేసేది.

ఇక నాన్నకి క్రిస్మస్ అంటే తివాచీలే. చెట్టూ, దీపాలూ, నక్షత్రాలూ అందరిళ్ళలోనూ ఉంటాయట, గోడ నుంచి గోడదాకా తివాచీలు మాత్రం మా ఇంట్లోనేనట. ఏడాదంతా అటక మీద పడుకున్నవి డిసెంబరులో కిందకి దిగేవి. దులిపేది చిన్నత్త, పరిచేది చిన్నత్త, ముడతలు తీసేది చిన్నత్త. మెచ్చుకోళ్ళు నాన్నకి. పరిచాక అతిథులు వచ్చేదాకా వాటి మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. సొంత ఇంట్లో మేమంతా గోడలకి ఆనుకుని బల్లుల్లా తిరిగేవాళ్ళం.

ఆ ఏడాది పండగ ముందు రోజు నాన్న ఆఫీసు పెద్దాయన భార్యతో కలిసి టీకి వస్తానన్నాడు. నాన్న కాలు ఒకచోట నిలవలేదు. పాతవి చాలవని కార్ఖానాలో హాలంత కొత్త తివాచీ చేయించాడు. పాదం పెడితే వేళ్ళు కనపడనంత మందం. దాని ఊలంతా కత్తిరించి సరిచేసింది కూడా చిన్నత్తే. వారమంతా దాని మీద వంగి వంగి నడుం పడిపోయింది.

పెద్దాయన వచ్చే రోజు పొద్దున కాఫీ తాగుతూ ఆమె మాట బయటపెట్టింది. కార్ఖానా వెనక వీధిలో ఒక గది కుదుర్చుకుంది. ఆ ఇంటావిడ పండక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. చీకటి పడేలోపు వెళ్ళి తాళంచెవి తీసుకోకపోతే, అడుగుతున్నవాళ్ళు ఇంకెవరో ఉన్నారు, వాళ్ళకి ఇచ్చేస్తుంది.

"ఇవాళ సాయంత్రం వెళ్ళిపోతానన్నయ్యా."

"ఇవాళా? పెద్దాయన వస్తుంటేనా?"

"ఆయన నన్ను చూడ్డానికి రావట్లేదుగా."

"పండగ వెళ్ళనీవే, తర్వాత చూద్దాం" అన్నాడు నాన్న, కప్పులోకి చూస్తూ.

చిన్నత్త కప్పు కడిగి బోర్లించింది. పెట్టె సర్దుకుంది. భోజనం చేసి, వెళ్ళేముందు కాస్త నడుం వాల్చుదామని పడుకుంది. అలసిపోయి ఉందేమో, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

కార్ఖానావాళ్ళు తివాచీ తెచ్చింది అప్పుడే. "ఆమెని లేపనా?" అని అమ్మ అడిగింది. "పాపం, పడుకోనీలే. పరచడమేగా, నేను పరిపించలేనా" అన్నాడు నాన్న ఎంతో దయగా. పరిపించాడు కూడా. చిన్నత్త అయితే పరిచేముందు తలుపులన్నీ ఒకసారి తీసి వేసి చూసుకునేది, తన గది దగ్గర ఆ మూల లోపలికి మడిచేది. ఆ సంగతి నాన్నకి తెలిస్తేగా! గడప దాకా లాగించి, తలుపుకి అటు అద్దాల బీరువా, ఇటు పెద్ద సోఫా వేయించి, చేతులు దులుపుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను బజారు నుంచి నక్షత్రం కొనుక్కుని వచ్చేసరికి లోపల్నుంచి తలుపు బాదుతోంది చిన్నత్త. నాన్న పిడి పట్టుకుని లాగుతున్నాడు. ఊలు తలుపుకి అడ్డంపడి వెంట్రుకవాసి కూడా కదలనివ్వడం లేదు. తివాచీ ఎత్తాలంటే బీరువా జరపాలి. బీరువా జరపాలంటే అందులో గాజు సామానంతా దింపాలి. నేను ఒక జగ్గు దింపానో లేదో, బెల్ మోగింది.

"జగ్గు లోపల పెట్టేసెయ్" అన్నాడు నాన్న. తలుపు దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "ఒక్క గంట ఓపిక పట్టు. వాళ్ళు వెళ్ళగానే సర్దిస్తాను."

"చీకటి పడిపోతుందన్నయ్యా!"

"పరువు పోతుందే, అరవకు."

పెద్దాయన వచ్చి సరిగ్గా ఆ సోఫాలోనే కూర్చున్నాడు. ఆయన బరువు కూడా తివాచీకి తోడైంది. నేను టీ కప్పులు అందిస్తున్నాను కానీ, చెవులు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. ఒళ్ళు మండిపోతోంది. లోపల చిన్నత్త ఇంటావిడకి ఫోన్ చేస్తోంది.

"తివాచీ అడ్డమొచ్చిందండీ... కాదండీ, నిజంగానే... నవ్వకండి."

ఆవిడ పెట్టేసినట్టుంది. లోపల చప్పుడు లేకపోయేసరికి నాకు భయం వేసింది. మా ఇంట్లో ఆమె ఎప్పుడూ అలాగే ఊరుకునేది మరి.

అప్పుడు మొదలైంది. కసుక్, కసుక్, కసుక్.

పెద్దాయన భార్య కేకు ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. "ఏంటండీ ఆ చప్పుడు?"

"ఎలుకలండీ" అంది అమ్మ, తడుముకోకుండా.

ఆవిడ కాళ్ళు రెండూ సోఫా మీదకి లాక్కుంది. నాన్న పాటల సౌండు పెంచాడు. కసుక్ కసుక్ మాత్రం పాటకి తాళం వేస్తున్నట్టు సాగుతూనే ఉంది. తలుపు కిందనుంచి ఎర్ర ఊలు పీచులు తేలుతూ వచ్చాయి. తలుపు వేలెడంత కదిలింది. ఆ సందులోంచి కత్తెర ముక్కు బయటికొచ్చి, ఎదురుగా ఉన్న ఊలు కొరికి, వెనక్కి పోయింది. మళ్ళీ ఒక తోపు. కాసేపటికి మోచేతి దాకా చెయ్యి వచ్చింది. హాల్లో అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. పాట అయిపోయిన సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి ఒళ్ళు కుదించుకుని, పక్కకి తిరిగి, చిన్నత్త బయటపడింది. జుట్టు నిండా, కనుబొమల నిండా ఎర్ర ఊలు. వెనక, తలుపు తిరిగినంత మేరా, తివాచీ విసనకర్ర ఆకారంలో బోడిగా ఉంది. తెగిన అంచు ఎక్కడా వంకర లేదు.

"తివాచీ!" అన్నాడు నాన్న. "కొత్త తివాచీ పాడుచేశావు కదే!"

ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. చిన్నత్త ఆయన వైపు చూసింది. పెద్దాయన దంపతులకి నమస్కారం పెట్టి, "కేకు తినండి, బావుంటుంది" అని, పెట్టె లాక్కుంటూ హాలు మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె తివాచీ మధ్యలో నడవడం నేను చూడటం అదే మొదలు. నేను ట్రే అక్కడే పడేసి ఆమె వెనక పరుగెత్తాను.

మేం ఆ ఇంటికి చేరేసరికి వీధి దీపాలు వెలిగిపోయాయి. ఇంటావిడ గేటు తాళం వేసేసి, ఇంకా రాని ఆటో కోసం తిట్టుకుంటూ మెట్టు మీద కూర్చుని ఉంది. చిన్నత్తని కింద నుంచి పైకి చూసింది. జుట్టులోంచి ఒక పీచు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"నిజంగా తివాచీయేనా!" అంది. నవ్వుతూ నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి ఇచ్చింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆ తివాచీ ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ అదే చోట పరవాలి. తిప్పి వేస్తే బోడి మూల వీధి గుమ్మం ముందుకి వస్తుంది. ఆ గది తలుపు ఇప్పుడు చక్కగా తెరుచుకుంటుంది. అందులో ఎవరూ ఉండరు.

పోయిన డిసెంబరులో తివాచీ పరుస్తూ నాన్న ఉన్నట్టుండి అడిగాడు. "ఆవేళ నేను కావాలనే మూసేశాననుకుంటోందేమోనే మీ అత్త? నిజంగా నాకు తట్టలేదు. నువ్వు చెప్పు దానికి."

చెప్పాను. చిన్నత్త తన గదిలో బట్టలు మడతపెడుతోంది. నేల మీద చాప కూడా లేదు, ఉత్త గచ్చు.

"తట్టలేదని నాకు తెలుసు" అంది. "కావాలని మూసేసినా బావుండేదే. నేను బయటికి రావాలనుకుంటానని అన్నయ్యకి కనీసం తట్టినట్టుండేది."

నాన్నకి ఆ మాట చెప్పలేదు నేను. "ఏమనుకోవట్లేదట" అన్నాను. "చూశావా, నేను చెప్పలా" అని, ఆయన బీరువా సర్దుకున్నాడు.