తాడు విప్పేవేళ అనకూడని మాట

కోటిపల్లి రేవులో జనాన్ని ఎక్కించుకుని బయలుదేరిన పంటు గౌతమి నడిమధ్యకు వచ్చేసరికి, రొయ్యల చెరువు మోటారును కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న గంగబాబును ఎవరో పేరు పెట్టి పిలిచారు. తలెత్తి చూస్తే, ఒకప్పుడు తను పనిచేసిన విమానం నడిపిన కెప్టెన్ రాజేంద్రప్రసాద్ గారి భార్య భవానీదేవి. ఆమెను చూసి ఆరేళ్లయింది. ఐనవిల్లి వినాయకుడి మొక్కు తీర్చడానికి వెళుతోంది.

“విమానాలు వదిలేసి రొయ్యల చెరువుల్లో పడ్డావంట?”

“ఆయ్, పడ్డానండమ్మగారూ. ఇక్కడైతే పడ్డా బురదేనండి.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే, “ఆయన పోయి రెండేళ్లు. నీకు తెలీదేమో,” అంది.

తెలుసు. తెలిసే ఆ ఇంటి వైపు వెళ్లలేదు.

గంగబాబుది గోదావరి మీద పడవలు నడిపిన కుటుంబం. నది మీది పట్టింపులు రేవు రేవుకీ మారతాయి. ఒకచోట పడవలో ఈల వేయనివ్వరు, ఇంకోచోట ఖాళీ కుండ ఎక్కించనివ్వరు. వాళ్లింట్లో ఒకటే: తాడు విప్పేవేళ పడవకు వంక పెట్టకూడదు. చిల్లుంటే ముందురోజే చెప్పాలి, లేదా తిరిగొచ్చాక చెప్పాలి. ఆ మాట మీద పెరిగినవాడు చదువుకుని, బేగంపేటలో ఓ ప్రైవేటు కంపెనీ చిన్న జెట్‌కు మెకానిక్ అయ్యాడు.

1998లో ఆ జెట్ ఆటోపైలట్ రెండుసార్లు మొరాయించింది. బాగా ఎత్తున, నిలకడగా పోతున్నప్పుడే ముక్కు కిందికి లాగేది. నేల మీద ఎన్నిసార్లు పరీక్షించినా లోపం దొరకలేదు. అప్పుడు నడిపిన వేరే పైలట్ గంగబాబుకు నోటిమాటగా చెప్పి, ఎక్కడా రాయకుండా ఊరుకున్నాడు. ఆ తర్వాతి ప్రయాణం కెప్టెన్‌గారిది; ఆయనకు చెప్పాలని గంగబాబు ఆరోజు పొద్దుటినుంచీ కాచుకున్నాడు. ఆయన ఆలస్యంగా వచ్చి, విమానం మెట్ల మీద కాలుపెట్టి అడిగారు.

“ఎలా ఉందోయ్ మన బండి?”

“బాగుందండీ.”

నోరు అలా అలవాటుపడి ఉంది. తిరిగొచ్చాక చెబుదామనుకున్నాడు.

ముప్పై ఏడు వేల అడుగుల ఎత్తున, తోక రెక్కను తిప్పే మోటారు విమానం ముక్కును కిందికి లాగుతూ ఉంటే ఆటోపైలట్ ఆ బరువును చెప్పకుండా మోసింది. కెప్టెన్ ఆటోపైలట్‌ను ఆపగానే ఆ బరువంతా ఒక్కసారిగా ఆయన చేతుల మీద పడింది. కిందికి దూకిన విమానాన్ని నిలబెట్టారు గానీ, బెల్టు పెట్టుకోని ప్రయాణికుడొకాయన పైకప్పుకు తల తగిలి చనిపోయాడు. విచారణలో తప్పు కెప్టెన్‌దన్నారు. గంగబాబు నోరు విప్పలేదు, ఉద్యోగం మానేశాడు.

“కంచం ముందు కూర్చుంటే ఆయనకి చేతులు బిగుసుకుపోయేవి,” అంటోంది భవానీదేవి. “‘గంగబాబు బాగుందన్నాడు, వాడు చూడకుండా అనడు. నా చెయ్యే తప్పింది’ అనేవారు.”

“బాగులేదండి.” గంగబాబు మోటారును పక్కకు జరిపాడు. “నాకు ముందే తెలుసునండి.”

పంటు అవతలి రేవుకు చేరేలోగా అంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు.

“ఈ ముక్క ఆయనుండగా చెప్పకపోయావా,” అంది. “నాలుగు ముద్దలు తినేవారు.”

దిగడానికి బల్ల వేశారు. జనం లేచారు. గంగబాబు మోటారును భుజానికెత్తుకున్నాడు. వెనకనుంచి ఆమె మళ్లీ పిలవడం వినిపించింది. వెనక్కి తిరగలేదు. గట్టెక్కి, ముక్తేశ్వరం రోడ్డు మీద నడిచిపోయాడు.